ఎనిమిది వరుసలు చూసి ఆగిపోయిన డ్రైవర్: ఓడీబీసీ కథ

ఇవాళ్టి కథ నాచారంలో మొదలవుతుంది.

నేనింకా జాబ్ చేస్తున్న రోజులు. ఉప్పల్‌లో రూమ్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న యూనిట్ అకౌంటెంట్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, హాజరు ఎక్సెల్‌ల ఉంది, జీతాల సాఫ్ట్‌వేర్ వేరే. ప్రతి నెలా చేత్తోనే ఎక్కిస్తున్న. ఏదన్న చెయ్యరాదు?" అరగంట పని అనుకుని వెళ్లా. చీకటి పడేదాకా అక్కడే ఉన్నా.

రెండు సాఫ్ట్‌వేర్‌లు మాట్లాడుకోవడానికి ఇంత గొడవెందుకు? కొంచెం వెనక్కి వెళ్దాం.

నాచారం నుంచి మల్లాపూర్ దాటి వెళ్తే ఈసీఐఎల్. 1967లో పెట్టారు. టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. ఆ కాలంలో ఒక మిషన్‌కి రాసిన ప్రోగ్రాం సాధారణంగా ఇంకో రకం మిషన్‌లో నడిచేది కాదు. 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ డేటా అంతా పట్టికల రూపంలో ఉంచుదాం అన్నాడు. ఆ ఆలోచన నుంచే ఎస్‌క్యూఎల్ పుట్టింది, 1986లో అమెరికన్ స్టాండర్డ్ అయింది. భాష దాదాపు ఒకటైంది గానీ తలుపులు మాత్రం వేరు. ఒరాకిల్‌కి ఒక పద్ధతి, డీబీ2కి ఇంకో పద్ధతి.

అప్పుడు, 1992లో, మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ తెచ్చింది. కంపెనీ కాలంలో దొరలకీ మనవాళ్లకీ మధ్య దుబాసీలు ఉండేవాళ్లు కదా, డ్రైవర్ అంటే అలాంటి దుబాసీ. ఏ డేటాబేస్‌కి ఆ దుబాసీ. ఎవరిని పిలవాలి, డేటా ఎక్కడుంది అని రాసిపెట్టుకునే చీటీ పేరు డీఎస్ఎన్. మీ ప్రోగ్రాం ఆ పేరు చెప్తే చాలు.

నేనూ ఆ చీటీ రాశా. కానీ జీతాల సాఫ్ట్‌వేర్‌లో లిస్ట్ ఖాళీ! ఎందుకంటే అది పాత 32-బిట్ ప్రోగ్రాం, నేను చీటీ రాసింది 64-బిట్ వైపు. విండోస్‌లో తమాషా చూడండి: 64-బిట్ టూల్ సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32-బిట్ టూల్ సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటాయి. రెండు ఫైళ్ల పేరూ ఒకటే! పాత ప్రోగ్రాంలు ఆ దారుల పేర్ల మీదే ఆధారపడ్డాయి కాబట్టి మార్చలేదు.

సరే, 32-బిట్‌లో మళ్లీ రాశా. డేటా వచ్చింది, ఎర్రర్ లేదు. అకౌంటెంట్ చాయ్ కూడా చెప్పాడు. తర్వాత ఆయనే లిస్ట్ చూసి, "కాంట్రాక్టోళ్లు ఏరి తమ్ముడూ?" అన్నాడు.

పదకొండు మంది నంబర్లు ఖాళీ. ఎక్సెల్ డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరుసలే చూసి కాలమ్ రకం ఊహిస్తుంది. పైన పర్మనెంట్ వాళ్లవి ఉత్త అంకెలు, కింద కాంట్రాక్ట్ వాళ్లవి 'సి-101' లాంటివి. అంకెలు కాని వాటిని డ్రైవర్ చప్పుడు లేకుండా ఖాళీ చేసేసింది. ఆయన చూడకపోతే ఆ నెల పదకొండు ఇళ్లకి జీతం వెళ్లేది కాదు.

షీట్‌ని సీఎస్‌వీగా సేవ్ చేసి, పక్కన స్కీమా డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో ఆ కాలమ్ 'టెక్స్ట్' అని రాసి, టెక్స్ట్ డ్రైవర్‌తో తెచ్చా. అందరూ వచ్చారు.

అప్పట్నుంచి నాకో అలవాటు. ఇంపోర్ట్‌కి ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని, ఖాళీలు ఎన్ని అని లెక్కపెడతా. కనెక్షన్ కుదిరిందంటే దుబాసీ వచ్చాడని మాత్రమే అర్థం. అన్నీ సరిగ్గా చెప్పాడా లేదా అనేది మనమే చూసుకోవాలి.