గట్టు ఎంత ఎత్తు కట్టవలెను?

1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రమున లేచిన పెనుతుపానునకు హాలెండు నైరృతి తీరమున కరకట్టలు తెగిపోయినవి. తెల్లవారుసరికి పల్లెలును పొలములును ఉప్పునీట మునిగినవి. ఆ దేశమున 1,836 మంది మరణించిరి. హుక్ వాన్ హాలెండు వద్ద నీరు సముద్రమట్టముపై 3.85 మీటర్ల ఎత్తునకు వచ్చెను. మూడు వారములలో ప్రభుత్వము డెల్టా సంఘమును నియమించినది. గట్లు పెంచవలెననుటలో ఎవరికిని సందేహము లేదు. ఎంత పెంచవలెననునదే ప్రశ్న.

పూర్వాచారము సులభమైనది: ఎరిగిన వరదలలో పెద్దదానికి మరికొంత చేర్చి గట్టు కట్టుట. కాని సముద్రము మనము ఎరిగినంతతో ఆగవలెనను నియమము లేదు. వెమెల్స్‌ఫెల్డర్ అను డచ్చి ఇంజనీరు 1939 లోనే ఈ సంగతి గ్రహించెను. మట్టము పెరిగిన కొలదిని నీరు దానిని దాటు అవకాశము ఒక నిష్పత్తిలో తగ్గుచుండునే గాని పూర్తిగా పోదని ఆయన చూపెను.

ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రమునకు చెందిన డేవిడ్ వాన్ డాంట్‌జిగ్ దీనిని పెట్టుబడి లెక్కగా మార్చి 1956 లో ప్రకటించెను. ఒక కల్పిత ఉదాహరణము చూడుడు. గట్టు తెగినచో నష్టము 100 కోట్లు. తెగు అవకాశము ఏటా వేయింట ఒకటి. అప్పుడు ఏటి సగటు నష్టము 10 లక్షలు. వడ్డీ నూటికి 4 అయినచో, ఏటేటా ఆ 10 లక్షలు ఇచ్చుటకు నేడు దాచవలసిన మొత్తము రెండున్నర కోట్లు. గట్టు పెంచి అవకాశమును పదివేలలో ఒకటికి దించినచో ఆ మొత్తము 25 లక్షలగును. పెంచుటకు రెండుంబాతిక కోట్లకు తక్కువైనచో పని గిట్టును. గట్టు వెనుకనున్న సంపద ఏటా నూటికి 2 చొప్పున పెరుగుచున్నచో, వడ్డీలో దానిని తీసివేయవలెను. రెండున్నర కోట్లు అయిదు కోట్లగును. ధనిక దేశమునకు గట్టు మరింత ఎత్తు కావలెననుట ఇందువలననే.

ఈ లెక్క మధ్య హాలెండునకు లక్షా ఇరువదియైదువేలలో ఒకటి అను అవకాశమును సూచించెను. సంఘము మాత్రము పదివేలలో ఒకటి, అనగా 5 మీటర్ల మట్టము, చాలుననెను. నీరు ఆ మట్టమునకు చేరినంతనే గట్టు తెగదు గదా! కొన్ని దశాబ్దుల కొలతలతో పదివేల సంవత్సరముల మాట చెప్పుట సాహసమే. అయినను ఏదో ఒక ఎత్తు నిర్ణయింపక తప్పదు. 1958 లో డెల్టా శాసనము వచ్చినది.

ప్రాణమునకు వెల కట్టుట ఈ లెక్కలో మిక్కిలి కష్టమైన భాగము. 2017 జనవరి 1 నుండి అమలైన డచ్చి ప్రమాణములు దానిని వేరుగా పరిగణించినవి: గట్ల రక్షణలోనున్న ఏ వ్యక్తికైనను వరద వలన మరణించు అవకాశము ఏటా లక్షలో ఒకటికి మించరాదు.