సోల్డరింగ్ కిట్ కొంటున్నారా? ఛార్జింగ్ మాడ్యూల్ విషయంలో జాగ్రత్త!

కొత్తపేట: కరెంట్ పోగానే వెలిగే చిన్న లైట్ సొంతంగా చేసుకోవాలన్న సరదా ఉందా? అయితే ముందు సోల్డరింగ్ నేర్చుకోవాలి. కిట్ల కోసం కోనసీమ నుంచి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా పోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

మొదటిసారి 555 టైమర్ ఐసీతో ఎల్ఈడీ వెలిగి ఆరే కిట్ తీసుకుంటే బెటర్. 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి షాక్ భయం ఉండదు. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ డిజైన్ చేసిన చిప్ ఇది! 25 వాట్ల ఐరన్, 60/40 లెడ్ చాలు. ఆ లెడ్ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. చాలామంది దాన్ని ఐరన్ మొనతో తెచ్చి పూసేస్తారు. అలా చేస్తే డ్రై సోల్డరే. పార్ట్ కాలు, బోర్డు ప్యాడ్ రెండూ వేడెక్కాక అక్కడ లెడ్ తాకించాలి. తేమకు కాళ్లు నల్లబడితే కాస్త గీకి, ఫ్లక్స్ రాయాలి.

లైట్ దగ్గరకొస్తే అసలు చిక్కు లిథియం సెల్‌తోనే. టీపీ4056 ఛార్జింగ్ మాడ్యూల్‌లో రెండు రకాలున్నాయి. బ్యాటరీ ప్యాడ్లతో పాటు విడిగా 'అవుట్' ప్యాడ్లు ఉన్నదే తీసుకోవాలి. అందులో ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉంటుంది, సెల్ మరీ దిగిపోకముందే కట్ చేస్తుంది. లైట్ వైర్లు ఆ అవుట్ ప్యాడ్లకే కలపాలి. ఇంకో సంగతి, ఈ మాడ్యూల్ మామూలుగా 1 ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తుంది. బొమ్మల్లో వచ్చే బుల్లి సెల్‌కు అది ఎక్కువ, వేడెక్కి ప్రమాదం కావొచ్చు.

నేరుగా 230 వోల్టులకు పెట్టే కిట్లు కొత్తవాళ్లు ముట్టుకోవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం. లెడ్ అంటే సీసం మరి.