ఆకలి ఎవరిది? అంగడి ఎవరిది?

బ్రిటిష్ పాప్ సంగీత చరిత్రలో దొంగ రేడియో ఓడలను తిరుగుబాటుకు ప్రతీకలుగా చెప్పుకోవడం పరిపాటి. ఆ పాటలంటే నాకూ ఇష్టమే. అయితే ఇష్టం వేరు, చరిత్ర వేరు.

1960ల తొలి సంవత్సరాల్లో బ్రిటన్ గడ్డ మీద అనుమతి ఉన్న రేడియో బి.బి.సి. ఒక్కటే. అది రికార్డులు ఎన్ని గంటలు వేయవచ్చో రికార్డు కంపెనీలతో, వాద్యకారుల యూనియన్‌తో కుదిరిన ఒప్పందాలు నిర్ణయించేవి. వాద్యకారుల బతుకుతెరువు దృష్ట్యా ఆ పరిమితి అన్యాయం కాదు. కాని బీటిల్స్ కోసం చెవి కోసుకునే యువతరానికి అది చాలలేదు. 1964 మార్చిలో తూర్పు తీరానికి ఆవల, ప్రాదేశిక జలాలు దాటి లంగరు వేసిన ఓడ నుంచి రేడియో కరోలిన్ మొదలైంది. దానికి లైసెన్సు లేదు; ప్రకటనల రాబడి ఉంది. ఆకలి యువతరానిది, అంగడి వ్యాపారిది.

1967 ఆగస్టులో అమలైన లేబర్ ప్రభుత్వ చట్టంతో ఆ ఓడలకు ప్రకటనలివ్వడం, సరుకులు చేరవేయడం నేరమైంది. సెప్టెంబరు 30న బి.బి.సి. రేడియో 1 ప్రారంభించింది. అందులో తొలి గొంతు ఆ ఓడల మీద పనిచేసి వచ్చిన టోనీ బ్లాక్‌బర్న్‌ది! రాజ్యం నిషేధించిన గొంతునే రాజ్యం అండ ఉన్న సంస్థ తనలో ఇముడ్చుకుంది.

జనం అభిరుచిని చిన్నచూపు చూసిన చోట వ్యాపారి అంగడి తెరుస్తాడు. జనప్రియ కళను ఈసడించే మన విమర్శకులు ముందుగా ఆలోచించవలసింది ఇదే.