‘న’ పోగొట్టుకున్న నారింజ

ఇంగ్లీషులో ‘ఆరెంజ్’ అంటే పండు, రంగు కూడా. ఈ రెంటిలో పండే ముందు. పండు పేరుగా ఈ మాట 14వ శతాబ్దం చివరినాటికి ఇంగ్లీషులో చేరింది. రంగు పేరుగా వాడడం 16వ శతాబ్దం మొదట్లో గాని కనబడదు. అంతకుముందు ఆ రంగును పాత ఇంగ్లీషులో ‘పసుపు ఎరుపు’ అనే జంటమాటతో చెప్పేవారు. రాబిన్ పిట్ట రొమ్ము నారింజ వన్నెదే అయినా దానికి ‘ఎర్రరొమ్ము’ అన్న పేరే నిలిచింది. రంగు ఎప్పుడూ కళ్లెదుటే ఉంది, పేరు మాత్రం పండుతోపాటు వచ్చింది. మాటలు సరుకుల వెంట నడుస్తాయి, నడిచిన దారిని తమ ధ్వనుల్లోనే దాచుకుంటాయి. ఆరెంజ్ అందుకు గట్టి సాక్ష్యం.

ఆ దారిని వెనక్కి నడిచి చూడవచ్చు. సంస్కృతంలో నారంగం, పారసీకంలో నారంగ్. అరబ్బీలో ‘గ’ ధ్వని లేనందువల్ల అక్కడ అది నారంజ్ అయింది. 10వ శతాబ్దం నాటికి అరబ్బులు పుల్ల నారింజను సిసిలీకి, స్పెయిన్‌కు చేర్చారు. స్పానిష్ మాటలో ఈనాటికీ మొదటి ‘న’ పదిలంగా ఉంది. ఇటాలియన్‌లో, ఫ్రెంచిలో అది రాలిపోయింది. ఇంగ్లీషువాళ్లే ‘ఎ నారెంజ్’ను ‘ఆన్ ఆరెంజ్’గా విరిచారని తరచు చెబుతారు. అలాంటి మార్పు ఇంగ్లీషులో జరగకపోలేదు. ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్ అన్నది నిజమే. కానీ ఆరెంజ్ విషయంలో ఈ వాదన నిలవదు. ఇంగ్లీషువాళ్లు మాట తీసుకున్నది ఫ్రెంచి నుంచి, అప్పటికే అందులో ‘న’ లేదు. ఫ్రెంచిలో, ఇటాలియన్‌లో ‘ఒక’ అనే అర్థమిచ్చే మాటలోనే ‘న’ ధ్వని ఉంది. పండు పేరులోని ‘న’ అక్కడే దానిలో కలిసిపోయింది.

ఇక సంస్కృతానికి ఈ మాట ఎక్కడిది? తమిళంలో నారత్తై, మలయాళంలో నారకం, తెలుగులో నారదబ్బ ఉన్నాయి. అన్నీ పులుపు పండ్లే, అన్నిటిలోనూ ‘నార’ ఉంది. అందుకే మూలం ద్రావిడమని పలువురు భాషావేత్తలు చెబుతారు. దీనికి ఒక అభ్యంతరం ఉంది. నిమ్మజాతి చెట్ల పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతమని 2018లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. తీపి నారింజ అయితే పంపరపనస, కమలా జాతుల కలయిక. దక్షిణాదిలో పుట్టని పండుకు దక్షిణాది పేరెలా వస్తుంది? చెట్టు పుట్టినచోటే పేరు పుట్టాలన్న నియమం లేదు. తెలిసిన పండు పేరును కొత్త పండుకు పెట్టడం అన్నిచోట్లా జరిగేదే. యూరప్‌లో పుల్ల నారింజ పేరే తర్వాత వచ్చిన తీపి నారింజకు దక్కింది. గ్రీకులూ తుర్కులూ అయితే తీపి పండుకు పోర్చుగల్ పేరు పెట్టుకున్నారు, ఆ పండును వ్యాప్తిలోకి తెచ్చినవారిలో పోర్చుగీసు వర్తకులు ముఖ్యులు కనుక. డచ్చివాళ్లు దాన్ని ‘చీనా ఆపిల్’ అన్నారు. పేరు చెప్పేది పండు ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎవరి చేతిమీదుగా అందిందన్నది.

ఈ సూత్రం మనకూ వర్తిస్తుంది. సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన మాట ‘గ’తో నారంగం. మనం రోజూ అనే నారింజలో ఉన్నది ‘జ’. అరబ్బీలో పుట్టిన ఆ మార్పు తెలుగులో కనబడడం, మాట పడమటి దారిన చుట్టి తిరిగి వచ్చిందని సూచిస్తోంది. కాబట్టి ‘ఆరెంజ్ మనదే’ అని గర్వపడడం సగం నిజమే, ‘నారింజ అచ్చంగా మనది’ అనుకోవడమూ అంతే. జ్యూస్ దుకాణం బోర్డు మీది ఆరెంజ్, మన నోట నానిన నారింజ, ఊరగాయ జాడీలోని నారదబ్బ ఒకే వంశపు మాటలు. వాటిలో పరాయిది ఏదీ లేదు.