బార్కాస్ ఫుట్‌బాల్ సంప్రదాయం

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్టను ఆనుకొని ఉన్న బార్కాస్ పేటలో తరతరాలుగా సాగుతున్న ఆట. నేటి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల బారకాసుల చుట్టూ ఈ పేట పెరిగింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిశాక నిజాం సేనలు రద్దయ్యాయి. సిపాయిగిరీ పోయినా ఒంటి దారుఢ్యం మీద మక్కువ పోలేదు. తాలీంలలో, అంటే వ్యాయామశాలల్లో, కుస్తీ, మైదానంలో ఫుట్‌బాల్ దాన్ని నిలబెట్టాయి.

బార్కాస్ ఆటను నగర ఫుట్‌బాల్ చరిత్ర నుంచి విడదీసి చూడలేం. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ వాడు. బస్తీ మైదానాల్లో ఎంత ప్రతిభ ఉండేదో చెప్పడానికి ఆయనొక్కడు చాలు.

1963లో రహీం మరణించాక నగర ఫుట్‌బాల్ వెలుగు క్రమంగా తగ్గింది, ఊళ్లో క్రికెట్ పైచేయి సాధించింది. బార్కాస్ మాత్రం ఫుట్‌బాల్‌ను వదలలేదు. బంతి ఒక్కటుంటే ఇరవైమంది పిల్లలు ఆడుకోగల ఆట ఇది. పేదపేటలో దాని బలమంతా అక్కడే ఉంది.