గిటార్ ఒంట్లో మన జిట్రేగి

గిటార్ పరదేశి వాయిద్యమనే మన లెక్క. స్పెయిన్‌లో ఒడ్డూపొడుగూ తేలింది, అమెరికాలో ఉక్కు తీగలు తొడుక్కుంది, సినిమా పాటల వెంట మన ఊళ్లకొచ్చింది. కానీ మంచి అకౌస్టిక్ గిటార్‌ను ఓసారి తిప్పి చూడండి. వెనక పలక ముదురు గోధుమ రంగులో, ఊదా చారలతో ఉంటే అది చాలావరకు మన దేశపు కర్రే. దుకాణంలో రోజ్‌వుడ్ అంటారు. మా నిజామాబాద్, ఆదిలాబాద్ అడవుల్లో అదే జిట్రేగి. మన తాతలు బండి చక్రాలకూ నాగళ్లకూ వాడిన చేవగల కర్ర.

ఇది గిటార్‌లోకి వచ్చిన దారి పెద్దది. 1833లో జర్మనీ నుంచి న్యూయార్క్ చేరిన సి.ఎఫ్. మార్టిన్ పెట్టిన కంపెనీ, మేలు రకం గిటార్లకు చాలాకాలం బ్రెజిల్ రోజ్‌వుడ్‌నే వాడింది. దుంగల ఎగుమతిని బ్రెజిల్ కట్టడి చేయడంతో 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మిగతా తయారీదారులూ అదే బాట పట్టారు. 1992లో బ్రెజిల్ చెట్టుకు అంతర్జాతీయ వాణిజ్య నిషేధం పడ్డాక మన కర్రకు గిరాకీ ఇంకా పెరిగింది.

నాదం పుట్టేది మాత్రం ముందు పలకలో. సాధారణంగా అది స్ప్రూస్ కర్ర, మందం మూడు మిల్లీమీటర్ల లోపే. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటే, లోపల ఎక్స్ ఆకారంలో అతికించిన పట్టీలే దాన్ని కాపాడతాయి. స్పెయిన్ గిటార్ తయారీదారు ఆంటోనియో దె టోరెస్ 1862లో వెనక, పక్క భాగాలను కాగితపు గుజ్జుతో చేసి మరీ ముందు పలక మహిమను చూపాడు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మన బొబ్బిలి వీణది వేరే పద్ధతి. అక్కడి గొల్లపల్లి కళాకారులు ఏకాండి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు. గిటార్‌ది పలుచటి పలకల పొందిక. వేడికి వంగి, ఆ వంపులో నిలిచి, తడితే గణగణమనే జిట్రేగి అందుకు చక్కగా సరిపోయింది.

నా గిటార్ వెనక పలకా జిట్రేగిదే. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే మా కందకుర్తిలో దాన్ని కాపాడుకోవడం ఓ విద్య. వానాకాలం చెమ్మకు ముందు పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, నొక్కాలంటే వేళ్లు నొస్తాయి. ఎండాకాలం కర్ర ముడుచుకుపోయి మెట్ల (ఫ్రెట్ల) అంచులు అరచేతికి గీరుకుంటాయి. పట్టించుకోకపోతే పలక పగులుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే దానికి హాయి. అందుకే వాయించగానే పెట్టెలో పెట్టి మూస్తాను. ఎండలో కారులో వదలను, కూలర్ గాలి తగలనివ్వను.

ఇంత శ్రద్ధ ఒక వస్తువు మీద మమకారం మాత్రమే కాదు. 2017 జనవరి నుంచి జిట్రేగి జాతి చెట్లన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చాయి. తయారైన వాయిద్యాలకు 2019లో సడలింపు దొరికింది. చెట్టుకు మాత్రం ముప్పు తొలగలేదు. పలకకు పనికొచ్చేంత మాను కావాలంటే దశాబ్దాలు పడుతుంది. కాబట్టి ఒక్క గిటార్ కొనండి, మంచిది కొనండి, మీ పిల్లలూ వాయించేలా చూసుకోండి. మన అడవిలో పెరిగిన చెట్టుకు మనం ఇవ్వగలిగిన మర్యాద అదే.