బ్యాటరీ కారు, ఆదివారం కారు



ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం పంపమని కార్యదర్శి గారు కోరారు. కాకతీయుల గురించీ, సాగర్ ప్రాజెక్టు గురించీ నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు విద్యుత్ శాఖలో సబ్ స్టేషన్ల చుట్టూ తిరిగినవాణ్ణి కనుక నేను కరెంటు కారు చరిత్ర ఎంచుకున్నాను. ఇప్పుడు చాలామంది పెన్షనర్ల ఇళ్ళలో పిల్లలు ఈ కారు కొందామని అడుగుతున్నారు, పెద్దలు అనుమానిస్తున్నారు. రోజూ ఆఫీసుకు వెళ్ళిరావడానికి చవకగా నడిచే కరెంటు కారు ఒకటీ, సెలవు రోజున సరదాగా ఊరు దాటి వెళ్ళడానికి పెట్రోలు కారు ఒకటీ అన్న ఏర్పాటు ఈ కాలపు పిల్లల వింత ఆలోచన అని మనలో కొందరి అభిప్రాయం. నిజానికి అది నూటపదేళ్ళ నాటి ఏర్పాటు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో విలియం మారిసన్ అనే ఆయన 1890 ప్రాంతంలో ఆరుగురు కూర్చునే బ్యాటరీ బండి తయారుచేశాడు. గంటకు 14 మైళ్ళు పోయేదట. 1897లో న్యూయార్క్ లోనూ, లండన్ లోనూ బ్యాటరీ టాక్సీలు అద్దెకు తిరిగాయి. 1899 ఏప్రిల్ 29న ప్యారిస్ దగ్గర కమిల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు తన కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటాడు. ఆ వేగం దాటిన మొట్టమొదటి మోటారు కారు అదే, అది నడిచింది కరెంటుతోనే. 1900 సంవత్సరంలో అమెరికాలో తయారైన కార్లు మొత్తం 4,192. వాటిలో ఆవిరి కార్లు 1,681, కరెంటు కార్లు 1,575, పెట్రోలు కార్లు 936. అంటే మూడింటిలోనూ వెనకబడి ఉన్నది పెట్రోలు కారే!

ఆ రోజుల్లో పెట్రోలు కారు స్టార్టు చేయాలంటే ముందు హ్యాండిల్ తిప్పాలి. మన డిపార్టుమెంటు పాత జీపులకు హ్యాండిల్ కొట్టినవారికి ఆ కష్టం చెప్పనక్కరలేదు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలని, చుట్టి పట్టుకోకూడదని సీనియర్ డ్రైవర్లు మనకు నేర్పేవారు. ఇంజను వెనక్కు తన్నిందంటే మణికట్టు విరిగేది. కరెంటు కారుకు ఆ బాధ లేదు, గేరు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. అందుకని ఊళ్ళో తిరిగే స్త్రీలకూ, డాక్టర్లకూ అది అనుకూలమైన బండి అయింది. కారు లోపల పూలు పెట్టుకునే చిన్న కూజా కూడా అమర్చేవారు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఆవిడ బజారు పనికి కరెంటు కారు, ఆయన ఆదివారం దూరప్రయాణానికి పెట్రోలు కారు ఉండేవి.

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ హెన్రీ ఫోర్డు ఇల్లే. మోడల్ టి పెట్రోలు కారును 1908లో తెచ్చి లోకం మీద వదిలిన ఆ మహానుభావుడి భార్య క్లారా ఫోర్డు ఊళ్ళో తిరగడానికి వాడుకున్నది డిట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు. ఆమె 1914 నాటి కారు ఇప్పటికీ డియర్‌బోర్న్ లోని ఫోర్డు మ్యూజియంలో భద్రంగా ఉంది. భర్త కంపెనీ కారు ఇంటి ముందు ఉండగా ఇంకొక కంపెనీ కారు కొనిపించుకోవడం మామూలు ఇల్లాలి వల్ల అయ్యే పని కాదు. ఆ డిట్రాయిట్ ఎలక్ట్రిక్ ఒకసారి చార్జి చేస్తే 80 మైళ్ళు నడుస్తుందని ప్రకటనల్లో చెప్పేవారు. వేగం గంటకు 20, 25 మైళ్ళు మాత్రమే. స్టీరింగు చక్రం బదులు పడవ చుక్కానిలాంటి కర్ర ఉండేది.

మరి అంత బాగున్న బండి ఎందుకు మాయమైంది? పెట్రోలు కంపెనీల కుట్ర అని చాలామంది అంటారు. నాకు ఆ మాట అంతగా నమ్మబుద్ధి కాదు. 1901లో టెక్సస్ లో చమురు పొంగి పెట్రోలు చవకయింది. 1912లో కెటరింగ్ అనే ఇంజనీరు కనిపెట్టిన సెల్ఫ్ స్టార్టరును క్యాడిలాక్ కార్లకు పెట్టారు, దానితో హ్యాండిల్ బాధ తప్పింది. అంటే పెట్రోలు కారు కరెంటు కారును ఓడించింది ఒక బ్యాటరీ, ఒక మోటారు సాయంతోనే! అదే 1912లో కరెంటు కారు ధర 1,750 డాలర్లు ఉంటే పెట్రోలు కారు 650 డాలర్లకు దొరికేది. అన్నిటికంటే పెద్ద కారణం మాత్రం మన శాఖకు సంబంధించినది. ఊళ్ళ మధ్య రోడ్లు బాగుపడ్డాయి, జనం దూరాలు పోవడం మొదలుపెట్టారు, కానీ పల్లెల్లో కరెంటు లేదు. 1930ల మధ్యకు వచ్చినా అమెరికా రైతుల ఇళ్ళలో పదింటికి ఒక ఇంటికే కరెంటు ఉండేది. పట్నం పొలిమేర దాటితే బ్యాటరీ నింపుకునే దిక్కులేదు. పట్నంలోనైనా సరఫరా ఎ.సి. అయితే దాన్ని డి.సి. చేయడానికి ఇంట్లో మెర్క్యురీ ఆర్క్ రెక్టిఫయరు పెట్టుకోవాలి. గాజు బుడ్డిలో నీలికాంతితో వెలిగే ఆ యంత్రాన్ని ఇంటి షెడ్డులో ఊహించుకోండి! డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కంపెనీ 1939 వరకు ఈడ్చుకొచ్చి మూతపడింది.

ఇక మన దేశం సంగతి. 1993లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లవ్‌బర్డ్ అనే ఇద్దరు కూర్చునే బ్యాటరీ కారును ప్రదర్శించారు. కేరళలోని చాలకుడికి చెందిన ఎడ్డీ అనే సంస్థ జపాను సహకారంతో చేసిన కారు అది. పేరు ముద్దుగా ఉంది కానీ కొన్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. తరువాత 2001లో బెంగుళూరు నుంచి చేతన్ మైనీ గారి రేవా వచ్చింది. ఆరు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది, వెరసి 48 వోల్టులు. చార్జికి 80 కిలోమీటర్లు అనేవారు. 2004 నుంచి లండన్ లో జి-విజ్ అన్న పేరుతో మన దేశంలో కంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది. అక్కడ దానిని కారుగా కాక తేలికరకం నాలుగు చక్రాల బండిగా లెక్కకట్టారు కనుక కార్లకు పెట్టే గుద్దుడు పరీక్షలు దానికి వర్తించలేదు. 2010లో మహీంద్రా వారు ఆ కంపెనీలో పెద్ద వాటా కొని 2013లో ఇ2ఓ కారు తెచ్చారు. ఆ పేరు కూడా ఇప్పుడు లేదు.

రేవా ఎందుకు నిలవలేదో మన సబ్ స్టేషన్ మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు. 132 కె.వి. సబ్ స్టేషన్ లో బ్యాటరీ గది గుర్తుందా? రెండు వోల్టుల సెల్స్ 110 బారులు తీరి ఉండేవి. హైడ్రోమీటరుతో గ్రావిటీ చూసి రిజిస్టరులో రాయడం, డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినల్స్ కు పెట్రోలియం జెల్లీ పూయడం, యాసిడ్ చుక్క పడ్డ ప్యాంటుకు మూడో ఉతుకులో చిల్లు కనబడటం! అంత సేవ చేస్తేనే ఆ సెల్స్ పదికాలాలు ఉండేవి. అవి కదలకుండా, ఎప్పుడూ నిండుగా చార్జి అయి, గదిలో కూర్చున్న సెల్స్. అదే జాతి బ్యాటరీని కారులో పెట్టి, రోజూ అడుగంటా ఖాళీ చేసి, గుంతల రోడ్డు మీద కుదిపి, ఎండలో నిలబెడితే మూడేళ్ళు రావడమే గొప్ప. తరువాత కొత్త సెట్టు కొనాలి. ఆ ఖర్చే దాన్ని దెబ్బతీసిందని నా అభిప్రాయం.

లిథియం బ్యాటరీ వచ్చాక ఈ లెక్క మారింది. 2020 జనవరిలో టాటా వారి నెక్సాన్ కరెంటు కారు 13.99 లక్షలకూ, 2022లో టియాగో కరెంటు కారు 8.49 లక్షల ప్రారంభ ధరకూ, 2023లో ఎం.జి. వారి కామెట్ 7.98 లక్షలకూ వచ్చాయి. 2019 ఆగస్టు నుంచి కరెంటు కార్ల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 2026 చివరి వరకు వీటికి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2024లో ఎం.జి. వారు విండ్సర్ అనే కారుతో బ్యాటరీని వేరుగా అద్దెకిచ్చి కిలోమీటరుకు ఇంత అని వసూలు చేసే పద్ధతి పెట్టారు. అదీ పాతదే. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ కరెంటు కంపెనీ వారు 1910ల లోనే బ్యాటరీ లేని లారీ అమ్మి, నిండిన బ్యాటరీ మార్చి ఇస్తూ, మైలుకు ఇంత అని పుచ్చుకున్నారు.

మా ఇంటి సంగతి చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. మేము మల్కాజిగిరి వైపు, కోడలి ఆఫీసు గచ్చిబౌలి. రానూపోనూ యాభై కిలోమీటర్ల పైమాటే. ఇంట్లో ఉన్నది 1987లో నేను అప్పు పెట్టి కొన్న ప్రీమియర్ పద్మిని. అబ్బాయి అప్పు తీసుకుని కరెంటు కారు కొంటానన్నాడు, నన్ను మూడు లక్షలు సర్దమన్నాడు. ఆ మూడు లక్షలు మా ఆవిడకూ నాకూ ఆస్పత్రి ఖర్చులకని బ్యాంకులో వేసుకున్నవి. పైగా పద్మినిని తుక్కు కింద ఇచ్చేద్దామని ఒక మాట వచ్చింది. ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. చివరికి కోడలే వచ్చి, “మామయ్య గారూ, డబ్బు మాట తరువాత. మీరు కరెంటు మనిషి కదా, లెక్క వేసి కొనాలో వద్దో మీరే చెప్పండి” అంది.

సరేనని లెక్క వేశాను. ఏడాదికి 250 పనిదినాలు, రోజుకు 50 చొప్పున 12,500 కిలోమీటర్లు. చిన్న పెట్రోలు కారు పట్నం రద్దీలో లీటరుకు 15 ఇస్తే 833 లీటర్లు. లీటరు వంద రూపాయలని తక్కువలో వేసుకున్నా 83 వేలు. చిన్న కరెంటు కారు చార్జింగులో పోయే నష్టం కలుపుకొని యూనిట్ కు 7 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 1,786 యూనిట్లు. ఇంటి మీటరులో పై స్లాబు పడుతుంది కనుక యూనిట్ పది రూపాయలు వేశాను, 18 వేలు. ఏడాదికి 65 వేలు తేడా. మూడు లక్షలు అయిదేళ్ళ లోపల తిరిగి వస్తాయి, టియాగో బ్యాటరీకి కంపెనీ హామీ ఎనిమిదేళ్ళు. ఏడాదికి 65 వేలు ముందు నా డిపాజిట్ నింపాలి, ఆ తరువాతే ఇంకో ఖర్చు, అని కాగితం మీద రాసి అబ్బాయి చేత సంతకం పెట్టించాను. మా ఆవిడ నవ్వింది కానీ ఆ కాగితం బీరువాలో దాచింది ఆవిడే.

ఎండ విషయం ఒకటి గమనించాలి. 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కారులో బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012 నాటికి అరిజోనా ఎండల్లో వాటి సామర్థ్యం తొందరగా పడిపోతోందని అక్కడివారు మొత్తుకున్నారు. మన మే నెల అరిజోనాకు తీసిపోదు కనుక చల్లబరిచే ఏర్పాటు ఉన్న బ్యాటరీయే అడగండి. డాలస్ లో ఉన్న మా మేనల్లుడు పాత లీఫ్ ఒకటి ఆఫీసుకు, పైకప్పు తీసే రెండు సీట్ల మజ్దా ఒకటి ఆదివారానికి ఉంచుకున్నాడు. క్లారా ఫోర్డు సంగతి చెబితే ఆశ్చర్యపోయాడు.

వైరింగు గురించి నా మాట వినండి. 15 ఆంపియర్ల సాకెట్ కదా అని పాత గీజరు పాయింటులో గుచ్చవద్దు. గీజరు అరగంటలో ఆగిపోతుంది, ఈ కారు రాత్రి ఎనిమిది గంటలు ఏకధాటిగా 14 ఆంపియర్లు లాగుతుంది. మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వేరే ఎం.సి.బి., లీకేజీ పట్టే బ్రేకరు, తడి ఆరని ఎర్త్ గుంత ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు పనికిరాదు. అదనపు లోడు దరఖాస్తు సెక్షన్ ఆఫీసులో ముందే పెట్టండి.

పద్మిని ఉంది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు, వెచ్చబడే దాకా చోక్ లాగి ఉంచాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కనుక పాత రబ్బరు గొట్టాలన్నీ మార్పించాను. ఆర్.సి. గడువు 2027లో తీరుతుంది. 2022 ఏప్రిల్ లో పాత కారు రెన్యువల్ ఫీజు 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. యాభై ఏళ్ళు నిండితే 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ కారుగా నమోదు చేయవచ్చు కానీ అప్పుడు ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. మా పద్మినికి యాభై నిండేది 2037లో, అప్పటికి నాకు తొంభై. ఈలోగా ఆదివారాలు ఘట్‌కేసర్ మీదుగా యాదగిరిగుట్ట రోడ్డున పోయి వస్తున్నాం. కొత్త కారు ఆ రోజు చార్జింగులో ఉంటుంది. పద్మినిలో ముందు సీటు కోసం మనవడూ మా ఆవిడా పోట్లాడుకుంటారు.

మన సభ్యులలో ఎవరైనా రేవా కారు కొన్నవారు ఉంటే, బ్యాటరీలు ఎన్నేళ్ళు వచ్చాయో, మార్చడానికి ఎంత అయిందో సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయవలసిందిగా కోరుతున్నాను.